భూమట్ట నమూనాలు, ఉపగ్రహ చిత్రాలు: జీఐఎస్ పటాల్లో కనిపించని పొరపాట్లు

సేద్యపు కుంట ఎక్కడ తవ్వాలి, చెక్ డ్యామ్ ఏ వంకపై కట్టాలి అనే నిర్ణయం కోసం ఒకప్పుడు భూసంరక్షణ సిబ్బంది డంపీ లెవెల్, స్టాఫ్, గొలుసు పట్టుకొని పొలం గట్ల వెంట రోజుల తరబడి నడిచేవారు. నేడు అదే ప్రశ్నకు పీజీ విద్యార్థి ప్రయోగశాలలో కూర్చుని అరగంటలో సమాధానం చెప్పగలుగుతున్నాడు. ఉచితంగా లభించే భూమట్ట నమూనాను దించుకొని, క్యూజీఐఎస్ లేదా ఆర్క్‌జీఐఎస్‌లో తెరిచి, నాలుగు సాధనాలను వరుసగా నడిపితే వాలు పటం, వంకల పటం, పరీవాహక సరిహద్దు సిద్ధమవుతాయి. రంగులు వేసిన ఆ పటం చూడముచ్చటగా ఉంటుంది. అది తప్పైనప్పుడు కూడా అంతే చూడముచ్చటగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోయి ఎర్ర అక్షరాలతో హెచ్చరించే పొరపాట్ల వల్ల పోయేది కొన్ని గంటల కాలం మాత్రమే. ఏ హెచ్చరికా లేకుండా చివరి వరకు నడిచి తప్పుడు సంఖ్యను చేతికిచ్చే పొరపాట్ల వల్ల పోయేది రైతు భూమి. ఎర్రనేలలో వంకకు అవతలి పక్కన తవ్విన కుంటలోకి నీరు చేరదు. తవ్విన మట్టిని తిరిగి నింపడానికి ఏ పథకమూ డబ్బు ఇవ్వదు. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ముందుగా తెలుసుకోవలసినవి ఈ రెండవ రకం పొరపాట్లే.

రంగు కంటే ముందు సంఖ్య

రాస్టర్ అనేది బొమ్మ కాదు, గళ్లలో నింపిన సంఖ్యల పట్టిక. తెరపై కనబడే రంగులు ఆ సంఖ్యలకు సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా తొడిగిన వేషం. పొర తెరవగానే అంతా నల్లగానో, ఒకే బూడిద రంగుగానో కనిపిస్తే ఫైలు చెడిపోయిందని భావించి మళ్లీ దించుకోవడం విద్యార్థుల్లో సాధారణం. చాలా సందర్భాల్లో ఫైలు చక్కగానే ఉంటుంది. ఎస్‌ఆర్‌టీఎం నమూనాలో దత్తాంశం లేని గడికి ఆనవాయితీగా −32768 అనే సంఖ్యను ఇస్తారు. ఆ గడి ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోతే −32768 నుంచి 600 మీటర్ల వరకు ఉన్న మొత్తం పరిధికి రంగులను పంచుతుంది. అప్పుడు 350 మీటర్ల నేలకూ 450 మీటర్ల గుట్టకూ తేడా కంటికి ఆనదు. పొర లక్షణాల్లో 'నోడేటా' విలువను నమోదు చేసి, కనిష్ఠ గరిష్ఠాలను 2 నుంచి 98 శాతం కోతకు మారిస్తే నేల రూపం వెంటనే బయటపడుతుంది.

ఇది రంగుకు సంబంధించిన చిక్కే అయితే ఇంతగా చెప్పవలసిన పని లేదు. నోడేటాను ప్రకటించకుండానే ఆ నమూనాను మరో ప్రొజెక్షన్‌లోకి మారిస్తే, −32768 అనే సంఖ్య పక్క గళ్ల ఎత్తులతో కలిసి సగటవుతుంది. ఫలితంగా వేల మీటర్ల లోతున్న అగాధాలు పుడతాయి. ఆ తర్వాత ఏ నోడేటా విలువను ప్రకటించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ గళ్లలో ఇప్పుడున్నవి −32768 కావు. −11000, −4700 వంటి కొత్త సంఖ్యలు. అందుచేత ఏ సాధనాన్నైనా నడిపే ముందు 'ఐడెంటిఫై'తో పదిచోట్ల నొక్కి సంఖ్యలను చదవడం, కనిష్ఠ గరిష్ఠాలను నోటు పుస్తకంలో రాసుకోవడం అలవాటు కావాలి. అనంతపురం పరిసరాల్లో ఎత్తు 300 నుంచి 600 మీటర్ల మధ్య రావలసి ఉండగా వేరే సంఖ్య వస్తే పని అక్కడే ఆపాలి.

డిగ్రీలు, మీటర్లు, జోన్లు

వాలు పటంలో ప్రాంతమంతా దాదాపు 90 డిగ్రీలు చూపడం మరొక సుపరిచిత దృశ్యం. దించుకున్న ఎస్‌ఆర్‌టీఎం నమూనాలో ఎత్తు మీటర్లలోను, అడ్డ దూరం డిగ్రీల్లోను ఉంటాయి. ఒక గడి వెడల్పు ఒక ఆర్క్ సెకను, అనగా డిగ్రీలో 3,600వ వంతు. నేలపై సుమారు 30 మీటర్లు. సాధనం ఈ తేడాను గుర్తించకపోతే, పక్క గడి ఒక మీటరు ఎత్తుగా ఉన్నప్పుడు 1కి 3,600 వంతున ఎక్కే వాలుగా లెక్కిస్తుంది. ఆ కోణం 89.98 డిగ్రీలు. కొత్త వెర్షన్లలో కొన్ని దీనిని తామే సవరించుకొంటున్నాయి. ప్రయోగశాల కంప్యూటర్లలో ఉన్న పాత వెర్షన్ల నుంచి ఆ సాయం ఆశించరాదు. నమూనాను ముందుగా యూటీఎం ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవడమే మేలైన మార్గం.

తెలుగు రాష్ట్రాలకు యూటీఎం జోన్ 44 అని తరగతిలో చెప్పడం వాడుక. హైదరాబాదు, కడప, గుంటూరు, విశాఖపట్నం విషయంలో అది నిజమే. కాని 43, 44 జోన్లను వేరుచేసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం రాయలసీమ నడుమ నుంచి పోతుంది. అనంతపురం, హిందూపురం, ఆదోని, తెలంగాణలో నారాయణపేట, జహీరాబాదు ఈ గీతకు పడమట జోన్ 43లో ఉన్నాయి. కదిరి తూర్పున 44లో ఉన్నది. ఉత్తరాన పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 84 డిగ్రీల రేఖాంశాన్ని దాటి జోన్ 45లో చేరాయి. సెంటినెల్-2 చిత్రాల టైల్ పేరులోని తొలి రెండు అంకెలు ఈ జోన్‌నే తెలుపుతాయి. అనంతపురానికి వచ్చే టైల్ 43తో మొదలైతే అది దోషం కాదు.

దోషం ఎక్కడంటే, పొరలు ఒకదానిపై ఒకటి కుదరనప్పుడు విద్యార్థి పొర లక్షణాల్లోకి వెళ్లి 43ను 44గా మార్చివేయడంలో. 'సెట్ సీఆర్‌ఎస్' అనే ఆజ్ఞ సంఖ్యలను మార్చదు, వాటిపై అంటించిన చీటీని మాత్రమే మారుస్తుంది. అనంతపురం పొలానికి 44 చీటీ అంటిస్తే ఆ పొలం సరిగ్గా ఆరు డిగ్రీలు, సుమారు 645 కిలోమీటర్లు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. సంఖ్యలను నిజంగా కొత్త వ్యవస్థలోకి లెక్కగట్టేది 'వార్ప్' లేదా 'రీప్రొజెక్ట్' ఆజ్ఞ. చీటీ లేని ఫైలుకు సరైన చీటీ అంటించడానికి మొదటిది, చీటీ ఉన్న ఫైలును వేరొక వ్యవస్థకు తీసుకుపోవడానికి రెండవది. పరీవాహక ప్రాంతం రెండు జోన్లలో పడితే ఒక జోన్‌ను ఎంచుకొని అన్ని పొరలనూ అందులోకి వార్ప్ చేయవచ్చు. సరిహద్దుకు కొద్దిగా ఆవలికి పోయినందువల్ల వచ్చే దూరపు తేడా కిలోమీటరుకు ఒకటి రెండు మీటర్లకు మించదు.

సముద్రంలో తేలిన పొలాన్ని ఎవరైనా గుర్తిస్తారు. వందా రెండు వందల మీటర్లు జరిగిన పొరను గుర్తించడమే కష్టం. సర్వే ఆఫ్ ఇండియా పాత స్థలాకృతి పటాలు ఎవరెస్టు డాటమ్‌పై తయారైనవి. 2005 జాతీయ పట విధానం తరువాత వెలువడిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84పై ఉన్నాయి. పాత పటాన్ని స్కాన్ చేసి, దాని అంచుపై ఉన్న అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్ 84వే అనుకొని జియోరిఫరెన్స్ చేస్తే మన ప్రాంతంలో పటం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. పటం మీది చెరువు, ఉపగ్రహ చిత్రంలోని చెరువు పక్కపక్కనే రెండు చెరువుల్లా కనిపించడానికి కారణం ఇదే.

ఎత్తుకు కూడా ఒక సున్న ఉంటుంది

అడ్డ దూరాల విషయంలో ఇంత జాగ్రత్త తీసుకొనేవారు సైతం ఎత్తును దేని నుంచి కొలిచారని అడగడం అరుదు. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం 96 జియాయిడ్ నుంచి, కోపర్నికస్ 30 మీటర్ల నమూనా ఎత్తులు ఈజీఎం 2008 జియాయిడ్ నుంచి లెక్కించినవి. ఈ రెండూ స్థూలంగా సముద్ర మట్టం నుంచి ఎత్తులే. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 జంట కెమెరాల చిత్రాల నుంచి తయారై, భువన్ ద్వారా లభిస్తున్న కార్టోడెమ్ ఎత్తులు మాత్రం డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి. డ్రోన్ చిత్రాల నుంచి తీసిన నమూనాలు కూడా తరచు ఇలాగే ఉంటాయి.

చాలా దేశాల్లో ఈ రెండు సున్నల మధ్య తేడా ఇరవై ముప్పై మీటర్లుగా సరిపోతుంది. ప్రపంచంలో జియాయిడ్ అత్యంత లోతుగా కుంగిన ప్రదేశం శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉన్నది. ఆ పల్లం ప్రభావం దక్షిణ భారతమంతటా విస్తరించింది. హైదరాబాదులో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే సుమారు 75 మీటర్లు దిగువన ఉన్నది. కార్టోడెమ్‌లో బాపట్ల తీరపు పొలాలు ఋణ సంఖ్యలతో కనిపించడం ఫైలు దోషం కాదు, ఎలిప్సాయిడ్ స్వభావం. ఒకే నమూనాతో వాలును లెక్కించినంతవరకు దీనివల్ల నష్టం లేదు. ఖాళీలు పూరించడానికి కార్టోడెమ్‌లో ఎస్‌ఆర్‌టీఎం ముక్కను అతికించినప్పుడు, అతుకు దగ్గర 75 మీటర్ల కొండచరియ ఏర్పడుతుంది. వంకలన్నీ ఆ చరియ వెంట తిరుగుతాయి. వంకల పటంలో పొడవైన తిన్నని గీత ఎక్కడ కనిపించినా ముందుగా అతుకును అనుమానించాలి. ప్రకృతి గీసే వంకలు తూర్పు పడమరలుగా స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు.

పచ్చని పంటను ఎండగట్టే వెయ్యి

ఉపగ్రహ చిత్రాల్లో ఇటీవల అత్యధిక గందరగోళానికి కారణమైన సంఖ్య 1000. సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతిఫలన విలువను 10,000తో గుణించి పూర్ణాంకంగా భద్రపరుస్తారు. 2022 జనవరి 25న అమలులోకి వచ్చిన 04.00 ప్రాసెసింగ్ బేస్‌లైన్ నుంచి ఆ సంఖ్యకు 1000 కలుపుతున్నారు. కాబట్టి 1000 తీసివేసిన తరువాతనే 10,000తో భాగించాలి. ఎరుపు పట్టీలో 1500, సమీప పరారుణ పట్టీలో 4000 ఉన్న వేరుశనగ మడిని తీసుకుందాం. వెయ్యి తీసివేయకుండా లెక్కిస్తే ఎన్‌డీవీఐ 0.45 వస్తుంది. తీసివేసి 500, 3000లతో లెక్కిస్తే 0.71 వస్తుంది. మొదటి సంఖ్యను చూసినవారు పైరు బెట్టకు గురైందని రాస్తారు. రెండవ సంఖ్య ప్రకారం ఆ పైరు నిండుగా ఉన్నది.

ఐదారు సంవత్సరాల ఎన్‌డీవీఐ వరుసను పరిశీలించే సిద్ధాంత వ్యాసాల్లో ఈ పొరపాటు 2022 నుంచి హఠాత్తుగా కరువు మొదలైనట్టు చూపుతుంది. తేదీని బట్టి సవరించడం కూడా చాలదు. పాత చిత్రాలను సైతం కొత్త బేస్‌లైన్‌తో తిరిగి ప్రాసెస్ చేసి విడుదల చేస్తున్నందున, ఒకే తేదీ చిత్రం రెండు రూపాల్లో లభించవచ్చు. ప్రతి చిత్రంతో వచ్చే మెటాడేటాలో బేస్‌లైన్ సంఖ్యను చదవడమే శరణ్యం. లాండ్‌శాట్ కలెక్షన్ 2 ఉపరితల ప్రతిఫలన చిత్రాలకు గుణకం 0.0000275, కలపవలసిన సంఖ్య −0.2. సూచిక నిష్పత్తే కదా, గుణకం ఎలాగూ కొట్టుకుపోతుందన్న వాదన తరచు వినవస్తుంది. గుణకం కొట్టుకుపోతుంది, కలిపిన సంఖ్య కొట్టుకుపోదు.

పైథాన్‌లో స్వయంగా ప్రోగ్రాం రాసే విద్యార్థులకు మరొక చిన్న గొయ్యి ఉన్నది. చిత్రంలోని సంఖ్యలు ఋణ చిహ్నం లేని 16 బిట్ల పూర్ణాంకాలు. చెరువు నీటిపై 300లోంచి 500 తీసివేస్తే −200 రావలసిన చోట 65336 వస్తుంది. ముందుగా దశాంశ సంఖ్యలుగా మార్చుకుంటే చాలు.

ప్రొజెక్షన్ మార్చేటప్పుడు గళ్లను తిరిగి నింపే పద్ధతిని ఎంచుకోవడంలోనూ ఆలోచన అవసరం. ఎత్తులకు బైలీనియర్ లేదా క్యూబిక్ పద్ధతి తగినది. సమీప గడి పద్ధతి వాడితే ఎత్తుల్లో మెట్లు ఏర్పడి, నీడల పటంలో అల్లిక చాపవంటి చారలు కనిపిస్తాయి. నేల రకాలు, పంటల వర్గీకరణ పటాలకు దీనికి పూర్తిగా విరుద్ధం. ఎర్రనేలకు 1, నల్లరేగడికి 5, చౌడు నేలకు 3 అని సంకేతాలిచ్చిన పటాన్ని బైలీనియర్‌తో మారిస్తే, ఎర్రనేలకూ రేగడికీ నడుమ ఒక సన్నని చౌడు పట్టీ పుడుతుంది. దానికి జిప్సం మోతాదు సిఫారసు చేసేంత వరకు పోయినా సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు.

చదునైన నేల, చెరువు కట్ట

ఇంతవరకు చెప్పినవి సవరించదగిన పొరపాట్లు. నమూనా స్వభావంలోనే ఉన్న పరిమితులు వేరు. ఎస్‌ఆర్‌టీఎం దత్తాంశం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో సేకరించినది. దాని ఎత్తులో దోషం 90 శాతం చోట్ల 16 మీటర్లకు మించరాదన్నది ఆ యాత్రకు పెట్టుకున్న ప్రమాణం. దగ్గరి గళ్ల మధ్య తేడాలో దోషం ఇంతకంటే తక్కువగా ఉంటుంది కాబట్టి గుట్టలున్న ప్రాంతంలో అది బాగా ఉపయోగపడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాత్రం నేల వాలు కంటే నమూనా దోషమే ఎక్కువ. పైగా ఎత్తులు పూర్ణ మీటర్లలో నిల్వ చేసి ఉన్నాయి. మూడు గళ్ల కిటికీతో వాలును లెక్కించే పద్ధతిలో ఒక మీటరు మెట్టు 60 మీటర్ల దూరంపై పడి సుమారు 1.7 శాతం వాలును చూపుతుంది. మెట్టు లేని చోట సున్న చూపుతుంది. నేల సర్వేలో 0–1 శాతం ఒక తరగతి, 1–3 శాతం మరొక తరగతి. నిజానికి 0.3 శాతం వాలున్న మడి పటంపై ఈ రెండు తరగతుల చారలుగా చీలిపోతుంది. ఆ చారలను బట్టి గట్ల మధ్య దూరం నిర్ణయించేవారూ ఉన్నారు. అట్టి నేలల్లో ఈ నమూనా నుంచి అర మీటరు అంతరంతో కాంటూర్లు గీయమంటే సాఫ్ట్‌వేర్ గీస్తుంది. ఆ గీతలకు నేలతో సంబంధం లేదు.

అన్నిటికంటే ఎక్కువ హాని జరిగేది 'ఫిల్ సింక్స్' దగ్గర. నీటి ప్రవాహ దిశను లెక్కించే డీ8 పద్ధతిలో ప్రతి గడిలోని నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో అత్యంత పల్లంగా ఉన్న దానిలోకి పోవాలి. గుంట అడ్డువస్తే నీరు అక్కడే ఆగిపోతుంది కనుక, లెక్కకు ముందు గుంటలన్నిటినీ పూడ్చివేయడం పాఠ్యపుస్తకాల్లోని తొలి మెట్టు. ఆ పద్ధతి గుంటలను దత్తాంశ దోషాలుగా భావిస్తుంది. రాయలసీమ, తెలంగాణ నేలల్లో గుంట అంటే చాలాచోట్ల చెరువు. గొలుసుకట్టు చెరువులున్న పరీవాహక ప్రాంతంపై ఈ ఆజ్ఞను నడపడం అంటే శతాబ్దాల నాటి నీటి వ్యవస్థను ఒక్క నొక్కుతో పూడ్చడమే.

ఇక్కడ జరిగేది వివరంగా చూడదగినది. చెరువు కట్ట పైభాగం కొద్ది మీటర్ల వెడల్పే ఉంటుంది. 30 మీటర్ల గడిలో దాని ఎత్తు పక్క నేలతో సగటై కరిగిపోతుంది. కట్ట కొన్ని గళ్లలో నిలిచి, కొన్నింటిలో తెగినట్టు కనిపిస్తుంది. పూడ్చిన తరువాత నీరు తెగినట్టున్న గడి నుంచి, సాధారణంగా పాత వంక గర్భం మీదుగా తిన్నగా దిగువకు పోతుంది. నేలపై మాత్రం నిండిన చెరువు నీరు కట్ట కొసన ఉన్న అలుగు మీదుగా, తెలంగాణలో మత్తడి మీదుగా పొర్లి, వేరే దారిలో దిగువ చెరువుకు చేరుతుంది. రెండు దారుల మధ్య దూరం పదుల మీటర్లు కావచ్చు, వందల మీటర్లూ కావచ్చు. కుంటను పటంలోని దారి ప్రక్కన తవ్వితే అలుగు నీటికి అది అందదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల లోతు ఈ నమూనాలో లేదు. నీటిపై రాడార్‌కు నేల కనబడదు కనుక, 2000 ఫిబ్రవరిలో నిండుగా ఉన్న పెద్ద చెరువుకు చదునైన నీటి మట్టమే ఎత్తుగా నమోదైంది.

దీనికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. పూడ్చిన నమూనాలోంచి అసలు నమూనాను రాస్టర్ కాల్కులేటర్‌తో తీసివేస్తే ఎక్కడ ఎంత లోతు పూడ్చబడిందో తెలిపే పటం వస్తుంది. దానిపై చెరువుల సరిహద్దులను పరిస్తే నిజమైన చెరువులేవో, దత్తాంశ దోషాలేవో వేరుపడతాయి. చెరువులను గుంటలుగానే ఉంచి, కట్ట గీతను కొలిచిన ఎత్తుతో నమూనాలో చేర్చి, అలుగు ఉన్న గడిని అలుగు మట్టానికి తగ్గిస్తే నీరు తన దారిన పోతుంది. డ్రోన్ నమూనాల్లో ఇదే చిక్కు తలకిందులుగా వస్తుంది. అక్కడ రోడ్డు కట్ట స్పష్టంగా కనిపిస్తుంది, దాని కింది కల్వర్టు కనిపించదు. రోడ్డు ఆనకట్టగా మారి పైనున్న పొలాలన్నీ మునిగినట్టు చూపుతుంది. అప్పుడు పూడ్చడం కాదు, కల్వర్టు చోట కోయడం పరిష్కారం.

చెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోపర్నికస్, కార్టోడెమ్ వంటివి ప్రధానంగా ఉపరితలాన్ని చూపుతాయి, నేలను కాదు. గుబురైన మామిడి తోట, కొబ్బరి తోట నమూనాలో చిన్న మెరకగా నిలుస్తాయి. వంక తోటను చుట్టి పోయినట్టు కనిపిస్తే తోట పొరను పక్కన పెట్టుకొని చూడడం మంచిది.

ఫైళ్ల చిక్కులు కొద్దిగా. పెన్‌డ్రైవ్‌లోకి చిత్రాన్ని మాత్రమే ఎక్కించి, దానితో ఉండే చిన్న ఫైళ్లను వదిలేస్తే స్థాన సమాచారం పోవచ్చు. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన జియోటిఫ్ చిత్రం వట్టి ఫోటోగానే చేరుతుంది. ఫోల్డరు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు కొన్ని సాధనాలకు ఇప్పటికీ మింగుడుపడవు. 5 సెంటీమీటర్ల డ్రోన్ చిత్రంలో హెక్టారుకు 40 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. కంప్యూటర్ నత్తనడక నడిస్తే 'పిరమిడ్లు' కట్టుకోవాలి.

తయారైన వంకల పటాన్ని పొలంలో సరిచూడడానికి రెండు రోజులు చాలు. పటం చూపిన వంకకు అడ్డంగా మూడు నాలుగు చోట్ల ఆటో లెవెల్‌తో మట్టాలు తీయాలి. కట్ట పైమట్టం, అలుగు మట్టం, తూము మట్టం కొలవాలి. ఇక్కడ సరిచూడవలసింది సముద్ర మట్టం నుంచి ఎత్తులను కాదు, రెండు బిందువుల మధ్య తేడాను. నీరు పారేది ఆ తేడాను బట్టే. కిందటి వానకాలంలో నీరు ఏ గట్టును తెంపిందో, ఏ మడిలో ఇసుక మేట వేసిందో ఆ పొలం రైతును అడిగి, అక్కడ జీపీఎస్ బిందువు తీసుకోవాలి. పటంలోని గీత ఆ బిందువుకు ఎన్ని మీటర్ల దూరంలో పడిందో ఒక పట్టికగా రాసి, వాడిన నమూనా పేరు, జోన్, ఎత్తుల ఆధారం, నోడేటా విలువ, గుంటలను పూడ్చిన తీరు దాని కిందనే నమోదు చేసి నివేదికకు జతపరచాలి. కుంటకు ముగ్గు పోసేది ఆ పట్టికను చూసిన తరువాతనే.